పెరటి అరుగు: అమెరికన్ పాటియో పూర్వకథ

నిరుడు వేసవిలో ఇంటి వెనక పాటియో వేయించాలనుకున్నప్పుడు కాంట్రాక్టరు ఒక కేటలాగు ఇచ్చి వెళ్ళాడు. మొదటి పేజీలో వెనక్కి వాలిన చెక్కకుర్చీ, దాని వెడల్పాటి చేతి మీద నిమ్మరసం గ్లాసు. వైద్యచరిత్ర పుస్తకాలు తిరగేసే అలవాటున్న నాకు ఆ బొమ్మ చూడగానే మరో పాత ఛాయాచిత్రం గుర్తొచ్చింది. అందులోనూ వరండా ఉంది, వరసగా వాలుకుర్చీలు ఉన్నాయి. వాటిలో పడుకున్నవాళ్ళు మాత్రం మెడదాకా కంబళ్ళు కప్పుకున్న క్షయరోగులు. బయట మంచు కురిసి ఉంది.

పాటియో అన్న పేరు ఒకచోటి నుంచి వచ్చింది, దాని అలవాట్లు మరోచోటి నుంచి వచ్చాయి. స్పానిష్‌లో పాటియో అంటే చుట్టూ గదులుండి మధ్యలో ఆకాశం కనిపించే లోపలి వాకిలి. మన మండువా లోగిలికి దగ్గరి చుట్టం. స్పెయిన్‌లోని కోర్దోబాలో ఏటా మే నెలలో ఇళ్ళవాళ్ళు పూలకుండీలతో పాటియోలను అలంకరించి ఊరందరికీ తలుపులు తెరుస్తారు. 2012లో యునెస్కో ఆ ఉత్సవాన్ని తన వారసత్వ జాబితాలో చేర్చింది. స్పెయిన్ నుంచి మెక్సికోకు, అక్కణ్ణించి కాలిఫోర్నియా మట్టి ఇళ్ళకు ఆ మాట ప్రయాణించింది. తక్కిన అమెరికాలో మాత్రం పందొమ్మిదో శతాబ్దమంతా బయట కూర్చోవడమంటే వీధివైపు వరండాలో కూర్చోవడమే. ఆండ్రూ జాక్సన్ డౌనింగ్ 1842లోనూ 1850లోనూ వెలువరించిన గృహనిర్మాణ పుస్తకాలు దానికి మధ్యతరగతిలో గిరాకీ పెంచాయి. ‘వరండా’ అన్న మాట ఇంగ్లీషులోకి మన దేశం నుంచే వెళ్ళింది.

ఆ వరండాను మందుగా మార్చినది క్షయ. న్యూయార్క్‌లో ఎడ్వర్డ్ లివింగ్‌స్టన్ ట్రూడో అనే యువవైద్యుడికి 1873లో ఆ జబ్బు ఉన్నట్టు తేలింది. అంతకుముందే అన్న అదే జబ్బుతో పోతుంటే దగ్గరుండి సేవ చేసినవాడు. చావు ఎలాగూ తప్పదు, నచ్చిన అడవిలోనే పోదామని అడిరాండాక్ కొండలకు వెళ్ళాడు. వెళ్ళి తేరుకున్నాడు. కొన్నేళ్ళకు, 1882లో, జర్మనీలో కాఖ్ క్షయక్రిమిని కనిపెట్టాడు. ఆ దేశంలోనే బ్రేమర్, డెట్‌వైలర్ అనే వైద్యులు రోగులకు కొండగాలి, విశ్రాంతి, పుష్టికరమైన తిండి ఇచ్చే చికిత్సాలయాలు నడుపుతున్నారు. ఆ సంగతులు చదివిన ట్రూడో 1884లో సారనాక్ లేక్ అనే ఊళ్ళో ‘లిటిల్ రెడ్’ అనే చిన్న కుటీరం కట్టించాడు. మొదటి రోగులు న్యూయార్క్ నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళు, ఫాక్టరీ పనివాళ్ళు. చూస్తుండగానే ఊరు ఊరంతా వరండాలమయమైంది. ఇళ్ళకు అదనపు వసారాలు దించి రోగులకు అద్దెకిచ్చేవారు. చలికాలంలో కూడా రోజుకు గంటలతరబడి అక్కడే పడుకోవడం చికిత్స.

అడిరాండాక్ పేరుతో నేడు ప్రతి దుకాణంలోనూ అమ్మే చెక్కకుర్చీ ఆ చికిత్స కోసం పుట్టింది కాదు. థామస్ లీ అనే ఆయన 1903లో అదే ప్రాంతంలోని వెస్ట్‌పోర్ట్‌లో తన వేసవి విడిది కోసం దాన్ని తయారుచేశాడు. దానికి 1905లో పేటెంటు పొందినవాడు మాత్రం హారీ బన్నెల్ అనే వడ్రంగి. ఆ పేటెంటు పత్రంలో కుర్చీ వరండాలకూ పచ్చికబయళ్ళకూ పనికివస్తుందని చెబుతూనే, రోగుల కుర్చీగా కూడా మార్చుకోవచ్చునని రాశాడు. ఆ కొండల్లో అమ్ముడుపోయే సరుకేమిటో అతనికి బాగా తెలుసు.

ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో ఈ ఆలోచన ఆరోగ్యవంతుల ఇళ్ళలోకీ వచ్చింది. పాసడీనాలో 1908 నాటి గాంబుల్ భవనానికి పడక వరండాలు ఉన్నాయి. 1922లో లాస్ ఏంజలెస్ ప్రాంతంలో రుడాల్ఫ్ షిండ్లర్ తన సొంత ఇంటికి కప్పుమీద పడకలు, కింద నెగడుగూళ్ళతో సహా పాటియోలు కట్టుకున్నాడు. ఆ పాటియోలే బైట ఉన్న కూర్చునే గదులు. రిచర్డ్ నోయిట్రా 1929లో పూర్తిచేసిన లవెల్ గృహానికి ‘ఆరోగ్యగృహం’ అనే పేరు.

మా ఇంట్లో ఇదే గాలికి అర్థం వేరు. అమ్మ చిన్నప్పుడు, 1950ల తొలినాళ్ళలో, తాతయ్యకు క్షయ వచ్చింది. ఆయన పడక వీధి అరుగు మీదికి మారింది. ఒకవైపు తడిక కట్టారు. కంచం, గ్లాసు వేరు. అన్నం తీసుకెళ్ళి అరుగు అంచున పెట్టి రావడం ఎనిమిదేళ్ళ అమ్మ పని. సారనాక్ లేక్‌లో మంచి గాలి కోసం మనిషిని బయట పడుకోబెట్టారు. మా ఊళ్ళో మనిషినే బయటపెట్టారు. శ్వాస మాత్రం రెండుచోట్లా ఒకటే. వీధిన పోయేవాళ్ళను తాతయ్య చూస్తూ ఉండేవాడట. వాళ్ళు అవతలి వారగా నడిచేవారట.

వరండా వైద్యాన్ని ముగించిన మందులు 1943లో వెలికివచ్చిన స్ట్రెప్టోమైసిన్, 1952 నాటి ఐసోనయజిడ్. ట్రూడో శానటోరియం 1954లో మూతపడింది. అయినా మందుతోపాటు విశ్రాంతి, మంచి తిండి, గాలి కూడా కావాలా అన్న ప్రశ్న మిగిలింది. దానికి తిరుగులేని జవాబు మద్రాసు నుంచి వచ్చింది. అక్కడి కీమోథెరపీ కేంద్రంలో 193 మంది రోగులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టును శానటోరియంలో, రెండో జట్టును ఇరుకైన సొంత ఇళ్ళలోనే ఉంచి, ఏడాదిపాటు ఒకే మందులిచ్చారు. 1959లో వెలువడిన ఫలితాల్లో రెండు జట్లకూ ఇంచుమించు ఒకేలా నయమైంది. ఇంట్లోవాళ్ళకు అదనపు ముప్పూ కనబడలేదు. నా దృష్టిలో మన ప్రాంతం ప్రపంచ వైద్యానికిచ్చిన గొప్ప కానుకల్లో ఇదొకటి. కంచం వేరుచేయనక్కర్లేదని అంకెలతో చెప్పిన అధ్యయనం అది. తాతయ్యకు అది అందలేదు.

రోగి లేచి వెళ్ళిపోయాక కుర్చీ ఖాళీ అయింది. యుద్ధానంతర అమెరికా దాన్ని పెరట్లోకి మోసుకెళ్ళింది. వీధిలో కార్ల రద్దీ పెరిగింది. ఏసీలూ టీవీలూ ఇంట్లోకి వచ్చాయి. ముందువైపు వరండా కుదించుకుపోయి ఆ చోటును గరాజు ఆక్రమించింది. వెనకవైపు గాజు తలుపు జరిపితే పాటియో. దానికి రూపురేఖలు దిద్దినవారిలో ముఖ్యుడు థామస్ చర్చ్. కాలిఫోర్నియా సొనోమాలో 1948లో ఆయన చేసిన డానెల్ తోట పేరుపొందింది. 1955 నాటి ఆయన పుస్తకం ‘గార్డెన్స్ ఆర్ ఫర్ పీపుల్’ ఇప్పటికీ పనికొస్తుంది. మెట్టు ఎత్తును రెట్టింపు చేసి దానికి అడుగు పెట్టే చోటి వెడల్పు కలిపితే 26 అంగుళాలు రావాలన్నది ఆయన సూత్రం. 1952లో జార్జ్ స్టీఫెన్ షికాగోలో బోయాల తయారీకి వాడే లోహపు గిన్నెతో వెబర్ గ్రిల్లు చేశాక విందు కూడా పెరటికి చేరింది.

2020లో పాటియో కొన్నాళ్ళు మళ్ళీ వైద్యస్థలమైంది. ఆరడుగుల దూరంలో కుర్చీలు వేసుకుని, మాస్కులతో మిత్రులను చూశాం. గాలి రోగాన్ని నయం చేయదుగాని పక్కవాడికి అంటకుండా కాపాడుతుంది. ట్రూడో తరం వైద్యులు ఒక లెక్కన తప్పి, మరో లెక్కన ఒప్పయ్యారు.

నా పాటియో పూర్తయింది. వాన నీరు ఇంటివైపు రాకుండా అడుగుకు పావంగుళం వాలు, అమ్మ మోకాళ్ళ కోసం ఆరంగుళాల ఎత్తూ పద్నాలుగంగుళాల వెడల్పూ గల మెట్లు, సాయంత్రపు ఎండకు అడ్డంగా పెర్గోలా, దాని కింద రెండు అడిరాండాక్ కుర్చీలు. ఇండియా నుంచి వచ్చిన అమ్మ ఒక్కసారి కూర్చుని చుట్టూ ఉన్న ఎత్తైన కంచెను చూసింది.

“ఇదేం అరుగురా? వీధికి వీపు పెట్టి కట్టించావు!”

ఇప్పుడు సాయంత్రం నేను క్లినిక్ నుంచి వచ్చేసరికి గరాజు తలుపు ఎత్తి ఉంటుంది. కారు పెట్టాల్సిన చోట ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, కుక్కలను నడిపించుకుపోయే వాళ్ళందరికీ అమ్మ చెయ్యి ఊపుతూ ఉంటుంది. నేను కారు రోడ్డు మీదే ఆపుకుంటున్నాను.