ఉపగ్రహ పాఠం నుంచి నిత్యజీవిత వినోదం దాకా: ‘ది లెర్నింగ్ ఛానల్’ దారి మళ్ళిన తీరు

ముఖ్యపదాలు: కేబుల్ టెలివిజన్, ఎ.టి.ఎస్.-6, సైట్ ప్రయోగం, విద్యాప్రసారం, ప్రేక్షకగణన

ఉపోద్ఘాతం

ఒక విషయం కోసం, ఆ విషయం పేరుతోనే పుట్టిన టెలివిజన్ ఛానల్ కాలక్రమంలో దానిని విడిచి మరొక విషయానికి చేరుకోవడాన్ని ప్రసారమాధ్యమాల చర్చల్లో ‘ఛానల్ డ్రిఫ్ట్’ అని వ్యవహరిస్తున్నారు. దీనిని తెలుగులో ‘లక్ష్యభ్రంశం’ అనవచ్చు. కాని ఆ మాటలో పతనమనే తీర్పు ముందుగానే ఇమిడి ఉంది. అందుచేత ‘దారి మళ్ళడం’ అనే సామాన్యమైన మాటనే ఇక్కడ స్వీకరించడం జరిగింది.

ఈ పరిణామానికి ఎం.టి.వి.ని ఉదాహరణగా చూపడం పరిపాటి. 1981 ఆగస్టు 1న సంగీత ఛానల్‌గా మొదలైన ఆ సంస్థ 2010లో తన చిహ్నం నుంచి ‘మ్యూజిక్ టెలివిజన్’ అనే మాటలను తొలగించింది. అయితే ఎం.టి.వి. ఆది నుంచీ వ్యాపార సంస్థే. అంగడివాడు సరుకు మార్చితే చరిత్రకారుడు ఆశ్చర్యపడవలసిన పని లేదు. నేడు టి.ఎల్.సి. అనే పొడి అక్షరాలతో ప్రసిద్ధమైన ‘ది లెర్నింగ్ ఛానల్’ చరిత్ర ఇందుకు భిన్నమైనది. దాని మూలం ప్రజాధనంతో నిర్మించిన ఒక ఉపగ్రహంలో ఉంది. ఆ ఉపగ్రహానికి తెలుగు గ్రామాలతోనూ సంబంధం ఉంది. ప్రేక్షకుల అభిరుచి దిగజారడమే ఛానళ్ళ మార్పుకు కారణమన్న వివరణ తరచు వినిపిస్తుంది. టి.ఎల్.సి. చరిత్రను చూస్తే, అభిరుచి కన్నా ముందు ప్రేక్షకుణ్ణి కొలిచే పద్ధతి మారిందని తెలుస్తుంది.

ఒకే ఉపగ్రహం, రెండు పల్లెసీమలు

అమెరికా అంతరిక్ష సంస్థ నాసా 1974 మే 30న ఎ.టి.ఎస్.-6 ఉపగ్రహాన్ని ప్రయోగించింది. అంతరిక్షంలో గొడుగులా విచ్చుకునే దాని యాంటెన్నా వ్యాసం సుమారు 9 మీటర్లు. ఉపగ్రహమే బలమైన సంకేతాలను పంపగలిగితే నేలమీద చిన్నవీ చవకైనవీ అయిన పరికరాలతో వాటిని అందుకోవచ్చునన్నది ఆ ప్రయోగంలోని కీలకాంశం. కొండలు అడ్డువచ్చి మామూలు ప్రసారాలు సరిగా అందని అపలాచియా పర్వతప్రాంతం ఇందుకు తగిన చోటయింది. ఆ ప్రాంతాభివృద్ధికై 1965లో ఏర్పడిన అపలాచియన్ రీజనల్ కమిషన్ ఆధ్వర్యంలో, కెంటకీ విశ్వవిద్యాలయం తోడ్పాటుతో, బడిపంతుళ్ళ కోసం పాఠాలు ప్రసారమయ్యాయి. పిల్లలకు చదవడం నేర్పే పద్ధతులు, వృత్తివిద్య వాటిలోని ప్రధానాంశాలు. విశ్వవిద్యాలయం దాకా వెళ్ళలేని ఉపాధ్యాయుని వద్దకు విశ్వవిద్యాలయమే వచ్చింది.

మరుసటి సంవత్సరమే ఈ ఉపగ్రహాన్ని భారతదేశం వైపు జరిపారు. నాసాతో కుదిరిన ఒప్పందం ప్రకారం 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు ఉపగ్రహ బోధన టెలివిజన్ ప్రయోగం, అంటే ‘సైట్’, జరిగింది. ఆరు రాష్ట్రాల్లో ఎంపిక చేసిన సుమారు 2,400 గ్రామాల్లో ఆంధ్రప్రదేశ్ గ్రామాలూ ఉన్నాయి. కార్యక్రమాలు ప్రసారమైన నాలుగు భాషల్లో తెలుగు ఒకటి. కార్యక్రమాలను రూపొందించిన కేంద్రాల్లో హైదరాబాదు ఒకటి. కోళ్ళగూళ్ళకు వాడే తీగవలతో అల్లిన మూడు మీటర్ల గిన్నె యాంటెన్నా ఆ గ్రామాల్లో ఆకాశం వైపు ముఖం పెట్టి నిలిచింది. ఉదయం బడిపిల్లలకు పాఠాలు, సాయంత్రం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ వంటి విషయాలు. సెలవుల్లో ఉపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణ. అపలాచియాలోనూ ఇక్కడా తెర ముందు కూర్చున్నవారిలో బడిపంతులు ముఖ్యుడు కావడం గమనించదగినది.

ఈ రెండు ప్రయోగాలకూ మూల్యాంకనం జరిగింది. చూసినవారి సంఖ్యతో ఆగకుండా, వారు ఏమి నేర్చుకున్నారన్నది కూడా పరిశోధకులు తరచి చూశారు. తరువాతి కథ అంతా ఈ ప్రశ్న అదృశ్యమైన కథే. గడువు తీరగానే ఉపగ్రహం తిరిగి అమెరికా వైపు వెళ్ళిపోయింది.

ఉపగ్రహం నుంచి కేబులుకు

1979లో ఎ.టి.ఎస్.-6 సేవలు ముగిశాయి. అపలాచియా పథకం ఆగిపోకుండా ‘అపలాచియన్ కమ్యూనిటీ సర్వీస్ నెట్‌వర్క్’ అనే లాభాపేక్ష లేని సంస్థగా మారి, వాణిజ్య ఉపగ్రహం ద్వారా కేబుల్ వ్యవస్థలకు చేరింది. 1980లో దాని ప్రసారానికి ‘ది లెర్నింగ్ ఛానల్’ అన్న పేరు వచ్చింది. కళాశాల కోర్సులు, పెద్దల కోసం పాఠాలు అందులో వచ్చేవి.

అప్పటి కేబుల్ తీగ కొద్ది ఛానళ్ళను మాత్రమే మోయగలిగేది. ఆ కొద్ది చోటులో ఎవరిని ఉంచాలన్నది ఆపరేటరు నిర్ణయం. ఆపరేటరుకు వ్యాపారానుమతి నిచ్చేది స్థానిక ప్రభుత్వం. అనుమతి కోరే ఆపరేటరు తన జాబితాలో ‘లెర్నింగ్’ వంటి పేరును చూపగలగడం లాభదాయకమే. విద్యా ఛానల్‌కు తీగలో చోటు సంపాదించిపెట్టినవి దాని పాఠాలే కావు. ఆ పేరుకున్న మర్యాద కూడా అందుకు తోడ్పడిందని భావించవచ్చు. కాలక్రమంలో యాజమాన్యంలో ప్రైవేటు సంస్థల వాటా పెరిగింది. 1991లో డిస్కవరీ సంస్థ ఈ ఛానల్‌ను దాదాపు 3.2 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసింది. ఆ ధరలో పాఠాల విలువ ఎంతో ఊహించడం కష్టం. లక్షలాది ఇళ్ళలో అప్పటికే దక్కివున్న చోటు విలువ మాత్రం ఏ కొనుగోలుదారుకైనా స్పష్టమే.

మారిన కొలమానం

కొత్త యాజమాన్యం వెంటనే పాఠాన్ని వదిలివేసిందనడం అన్యాయం. చిన్నపిల్లల విద్యాకార్యక్రమాలు 1990లలో వచ్చాయి. విజ్ఞానచరిత్రకారుడు జేమ్స్ బర్క్ నిర్వహించిన ‘కనెక్షన్స్’ రెండవ, మూడవ భాగాలు 1994లోనూ 1997లోనూ ఈ ఛానల్‌లోనే ప్రసారమయ్యాయి. వాటి పక్కనే పెళ్ళిళ్ళ మీద, ప్రసవాల మీద, ఆసుపత్రి అత్యవసర విభాగాల మీద కార్యక్రమాలు చేరాయి. 2000లో మొదలైన ‘ట్రేడింగ్ స్పేసెస్’ బి.బి.సి. కార్యక్రమమొకదానికి అమెరికా రూపం. ఇరుగుపొరుగువారు ఒకరి ఇంటి గదిని మరొకరు అలంకరించే ఆ కార్యక్రమం పెద్ద విజయం సాధించాక ఛానల్ దిశ స్థిరపడిపోయింది. ఆ తరువాత బహుసంతాన కుటుంబాలు, బాలికల అందాల పోటీలు ప్రధాన వస్తువులయ్యాయి. పేరులోని మూడు మాటలూ ఈలోగా మూడు అక్షరాలయ్యాయి. ఛానళ్ళ పేర్లు కుదించుకుపోవడాన్ని చరిత్రకారులు ఆధారపత్రంగానే చదవాలి. పూర్తి పేరు ఒక మాట ఇస్తుంది, ఆ మాట తప్పినప్పుడు పట్టి ఇస్తుంది. పొడి అక్షరాలు ఏ మాటా ఇవ్వవు.

దీని వెనుక ఉన్న లెక్క సంక్లిష్టమైనది కాదు. ఛానల్‌కు రెండు ఆదాయాలు: ఇంటికి ఇంతని ఆపరేటరు చెల్లించే నెలవారీ రుసుము, వాణిజ్య ప్రకటనలు. మొదటిది ఎక్కువగా చోటు మీద, రెండవది ప్రేక్షకుల సంఖ్య మీద, వయస్సు మీద ఆధారపడతాయి. 1990ల చివర డిజిటల్ సాంకేతికతతో ఛానళ్ళ సంఖ్య పెరిగి ప్రేక్షకులు చీలిపోయారు. రచయితలు, నటులు అక్కరలేని వాస్తవజీవిత కార్యక్రమాలు చవకగా తయారవుతాయి. ప్రేక్షకుడు ఏమి నేర్చుకున్నాడన్న ప్రశ్నకు ఈ లెక్కలో గడి లేదు.

చరిత్ర అధ్యాపకులకు మరింత దగ్గరగా తగిలే ఉదాహరణ 1995 జనవరి 1న మొదలైన ‘ది హిస్టరీ ఛానల్’. రెండవ ప్రపంచయుద్ధం మీద అది చూపిన మక్కువ ఒకప్పుడు హాస్యానికి గురయ్యేది. 2007లో మంచుదారుల లారీ డ్రైవర్లు, 2009లో తాకట్టు దుకాణం వచ్చాక ఆ యుద్ధమే నయమనిపించింది. గ్రహాంతరవాసులు పురాతన కట్టడాలకు కారకులనే ధారావాహిక ‘హిస్టరీ’ అన్న పేరుకింద ప్రసారం కావడం మాత్రం హాస్యానికి అందనిది. ఆ పేరు శాస్త్రానిది. దాని మర్యాదను వాడుకున్నవారు దానికి జవాబుదారులు కారు.

అయినా దారి మళ్ళడం ప్రతిసారీ నష్టమే అనలేం. పాత సినిమాల కోసం 1984లో పుట్టిన ఎ.ఎం.సి. తన దారి విడిచిన తరువాతనే 2007లో ‘మ్యాడ్ మెన్’ వంటి గౌరవనీయమైన ధారావాహికను అందించింది.

చట్టం ఎంతవరకు?

అమెరికాలో కేబుల్ ఛానల్ ఏ విషయానికి కట్టుబడాలో నిర్దేశించే లైసెన్సు లేదు. ఆపరేటరుతో కుదిరిన ఒప్పందమే హద్దు. కెనడా వేరు పద్ధతి అనుసరించింది. అక్కడి ప్రసార నియంత్రణ సంస్థ ప్రత్యేక ఛానళ్ళకు లైసెన్సులోనే విషయపరిధిని నిర్ణయించి, ఒకరి పరిధిలోకి మరొకరు రాకుండా రక్షణ కల్పించింది. 2015 మార్చిలో ఆ రక్షణను ఎత్తివేసే నిర్ణయం ప్రకటించింది. ఇంటర్నెట్‌లో ఎవరు ఏది కావాలంటే అది చూడగలిగే కాలంలో ఆ గోడలు నిలవవన్నది అప్పటి ఆలోచన.

భారతదేశానికి టి.ఎల్.సి. వచ్చిన దారి వేరు. 2004లో ‘డిస్కవరీ ట్రావెల్ అండ్ లివింగ్’ పేరుతో మొదలైన ఛానల్ 2010లో టి.ఎల్.సి.గా పేరు మార్చుకుంది. ప్రయాణాలు, వంటలు, జీవనశైలి దాని విషయాలు. తీగవల గిన్నెలోకి ఎ.టి.ఎస్.-6 తెలుగు పాఠాలు దింపిన 35 ఏళ్ళకు, అదే ఉపగ్రహం నుంచి పుట్టిన ఛానల్ తాలూకు మూడు అక్షరాలు తెలుగు ఇళ్ళకు ఈ రూపంలో చేరాయి. వాటిలో ‘ఎల్’ ఒకప్పుడు దేనికి నిలిచిందో తెలియవలసిన అవసరం ఆ ప్రేక్షకులకు కలగలేదు.