వయస్సు లెక్క

రెండు మూడు తరములకు ముందు మన పల్లెలలో ముదుసలిని వయస్సెంత యని అడిగినచో సంఖ్య చెప్పుట అరుదు. ధాత కరువునాటికి చంకబిడ్డననియో, బందరు ఉప్పెన పిదప రెండవ ఏట పుట్టితిననియో చెప్పెడివారు. బందరు ఉప్పెన 1864లో వచ్చినది. ధాత కరువు 1876లో మొదలైనది. ఆ యూరివారికి ఆ సమాధానము చాలును. కాని మన సంవత్సరముల పేర్లు అరువదేండ్లకొకమారు తిరిగి వచ్చును. ధాత 1876 తరువాత 1936లోను, 1996లోను మరల వచ్చినది. కరువు జ్ఞాపకము చెరిగిపోయి పేరు మాత్రమే మిగిలినచో అది ఏ ధాతయో తేల్చుట కష్టము.

మన యిండ్లలో మరియొక చిక్కు కలదు. బిడ్డకు పదవ ఏడు వచ్చినదందుము. అనగా నిండినవి తొమ్మిదే, పదవది నడచుచున్నది. నడచుచున్న ఏటిని నిండిన ఏటిగా భావించినవారు ఒక సంవత్సరము పొరబడుదురు. తిథిని బట్టి పుట్టినరోజు జరుపుకొనువారికి తేదీయు కుదురుగా నుండదు. పండ్రెండు చాంద్రమాసములకు సుమారు 354 దినములే యగుటచే ఏటేట పదునొకండు దినములు వెనుకబడి, అధికమాసము వచ్చిన ఏట తిథి మరల ముందునకు జరుగును. పందొమ్మిది సంవత్సరములలో ఏడు అధికమాసములు చేర్చుటవలననే మన పండుగలు ఋతువులను తప్పక నిలిచినవి.

సరియైన వయస్సు కట్టు విధమును ఒక మహనీయుని జీవితమున చూతము. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1848 ఏప్రిల్ 16న రాజమహేంద్రవరమున జన్మించిరి; 1919 మే 27న మదరాసున దివంగతులైరి. సంవత్సరములనుండి సంవత్సరములను, నెలలనుండి నెలలను, దినములనుండి దినములను తీసివేసినచో 71 సంవత్సరముల 1 నెల 11 దినములు వచ్చును. ఇచట అరువు తెచ్చుకొను పని లేకపోయినది. దినములు చాలనిచో వెనుకటి నెలకెన్ని దినములు గలవో అన్నింటిని తెచ్చి కలుపవలెను. నెలలు చాలనిచో ఒక ఏటిని పండ్రెండు నెలలుగా మార్చవలెను.

దినములలో చెప్పవలెనన్న మరికొంత జాగ్రత్త వలయును. నాలుగేండ్లకొక ఫిబ్రవరి 29 చొప్పున లెక్కించిన వాడు పంతులుగారి జీవితమున అట్టి దినములు 17 అనును. అది తప్పు. 1900వ సంవత్సరము నాలుగుచే భాగింపబడినను 400చే భాగింపబడదు గనుక ఆ ఏట ఫిబ్రవరికి 28 దినములే. కావున 16 దినములను మాత్రమే చేర్చవలెను. అట్లు చేసినచో జన్మదినమునకును మరణదినమునకును నడుమ 25,972 దినములు గడచినవని తేలును.

ఇంత సూక్ష్మముగా లెక్కించుట ఎందులకని యడుగవచ్చును. పంతులుగారి జీవితమే దానికి సమాధానము. ఆయన బాల్యవివాహములను ఖండించిరి. బాల్యముననే భర్తను కోల్పోయిన ఆడపిల్లల దుఃఖమును చూచి, 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహమును జరిపించిరి. ఆ పిల్లల బ్రతుకులో ఒక ఏడు ఎక్కువ తక్కువలు చిన్న విషయము కాదు. ఆయన గతించిన పదేండ్లకు, 1929లో, శారదా చట్టము వచ్చి 1930 ఏప్రిల్ 1 నుండి అమలైనది. పెండ్లికి ఆడపిల్లకు పదునాలుగు, మగపిల్లవానికి పదునెనిమిది ఏండ్లు నిండవలెనని అది విధించినది. 1978లో ఆ వయస్సులు పదునెనిమిది, ఇరువదియొకటి అయినవి. నడచుచున్న ఏటిని నిండినదని చెప్పినచో ఆ పిల్ల బాల్యమున ఒక సంవత్సరము హరించుకుపోవును. పుట్టిన దినము ఎచటను వ్రాసియుండనిచో పెద్దలు చెప్పినదే వయస్సు, కాదనుటకు ఆధారమేది?

చట్టమునకు ఊహ పనికిరాదు. 1875 నాటి యుక్తవయస్సు చట్టము ప్రకారము పుట్టిన దినమును పూర్తి దినముగా లెక్కించవలెను. పదునెనిమిదవ వార్షిక దినము ఆరంభమగుటతోడనే మనుష్యుడు మేజరగును. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు అరువదేండ్లు నిండిన నెల చివరి దినమున విరమణ గలుగును. కాని నెల మొదటి తేదీన పుట్టినవాడు దానికి ముందు నెల చివరి దినముననే విరమించును. ఒక్క దినపు తేడా ఒక నెల జీతమైనది.

బడిలో చేర్చునాడు ఉపాధ్యాయుడు ఉజ్జాయింపుగా వ్రాసిన తేదీయే జన్మాంతము వెంట వచ్చినవారు మనలో ఎందరో కలరు. జనన మరణముల నమోదునకు దేశమంతటికి ఒకే చట్టము 1969లో వచ్చినది. దాని సవరణ 2023 అక్టోబరు 1న అమలులోనికి వచ్చినది మొదలు, ఆనాటినుండి పుట్టిన బిడ్డలకు బడిలో చేరుటకును, ఓటరుగా నమోదగుటకును, వివాహ నమోదునకును జనన ధ్రువపత్రమే జన్మదినమునకు ఆధారము.

తీసివేత నేర్చిన పిల్లవాడెవడైనను వయస్సు కట్టగలడు. కాని ఆ లెక్కకు మొదటి అంకెను అందించవలసినవారు పెద్దలు. బిడ్డ పుట్టిననాడు తిథి నక్షత్రములతోపాటు తేదీని, సంవత్సరమును గూడ వ్రాసియుంచి, నమోదు చేయించుట మన బాధ్యత. ఆ యొక్క పంక్తి పెరిగిన బిడ్డకు కొండంత అండ.