ఉద్యోగం చేస్తూ క్యాట్ రాసేవారికి: చదువు వేళలు, కుల ధ్రువపత్రాలు

ఐఐఎంలలో ఎంబీఏ సీటుకు రాయాల్సిన ప్రవేశ పరీక్ష క్యాట్. మనవాళ్లు తరతరాలుగా ఉంటున్న రాష్ట్రాల్లోనే బెంగళూరు, తిరుచిరాపల్లి, సంబల్‌పూర్, నాగ్‌పూర్, ముంబై ఐఐఎంలు ఉన్నాయి. యానాం వారికి విశాఖపట్నం దగ్గర. ఉద్యోగం మానకుండానే ఈ పరీక్ష రాయవచ్చు. అయితే చదువుతో పాటు కాగితాల పని కూడా ముందే మొదలుపెట్టాలి.

పరీక్ష ఎలా ఉంటుంది?

ఏటా ఒక్కసారే, సాధారణంగా నవంబరు చివరి ఆదివారం జరుగుతుంది. దరఖాస్తులు ఆగస్టులో మొదలై సెప్టెంబరులో ముగుస్తాయి. డిగ్రీలో 50 శాతం మార్కులు ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 45 శాతం చాలు. వ్యవధి 120 నిమిషాలు. ఇంగ్లీషు, డేటా విశ్లేషణ–తర్కం, గణితం అనే మూడు విభాగాలకు తలా 40 నిమిషాలు. ఒక విభాగంలో మిగిలిన సమయాన్ని మరో విభాగానికి వాడుకోలేం. సరైన జవాబుకు 3 మార్కులు. ఆప్షన్లు ఉన్న ప్రశ్నకు తప్పు జవాబు రాస్తే 1 మార్కు పోతుంది. జవాబు టైప్ చేయాల్సిన ప్రశ్నలకు ఆ కోత లేదు.

ఆఫీసుతో పాటు చదువు

మే నెలలో మొదలుపెడితే సుమారు 26 వారాలు దొరుకుతాయి. పనిదినాల్లో రోజుకు గంటన్నర, శని ఆదివారాల్లో నాలుగేసి గంటలు చదివితే వారానికి 15 గంటలకు పైగా, మొత్తం దాదాపు 400 గంటలు అవుతుంది. సాయంత్రం ఆఫీసు పని ఎప్పుడు పెరుగుతుందో చెప్పలేం కాబట్టి గణితం తెల్లవారుజామునే ముగించడం మేలు. బస్సులో, రైలులో ఇంగ్లీషు సంపాదకీయాలు చదవాలి. ప్రశ్నపత్రం ఇంగ్లీషులోనే ఉంటుంది. ఆ విభాగంలో ఎక్కువ ప్రశ్నలు గద్యభాగాల మీదే వస్తాయి. కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ, తెలుగు మాధ్యమాల్లో చదివిన పిల్లలు దీనికి అదనంగా సమయం పెట్టుకోవాలి.

ఆగస్టు నుంచి వారానికో మాక్ టెస్టు రాయాలి. రాయడానికి రెండు గంటలు పడితే, తప్పులు చూసుకోవడానికి అంతకంటే ఎక్కువ సమయం ఇవ్వాలి. నవంబరులో నాలుగైదు రోజుల సెలవు కావాలని ఆఫీసులో ముందే చెప్పి ఉంచాలి.

కాగితాల దగ్గరే జాగ్రత్త

రిజర్వేషన్ కోరేవారు ధ్రువపత్రాలు ముందుగానే సిద్ధం చేసుకోవాలి. దరఖాస్తు ముగిశాక కేటగిరీ మార్చుకునే వీలుండదు.

ఓబీసీ: కేంద్ర ఓబీసీ జాబితా రాష్ట్రాలవారీగా ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ జాబితాలో ఉన్న కులం కర్ణాటక లేదా ఒడిశా జాబితాలో ఉండకపోవచ్చు, వేరే పేరుతోనైనా ఉండవచ్చు. రాష్ట్ర బీసీ పత్రం ఇక్కడ సరిపోదు. కేంద్ర నమూనాలో నాన్ క్రీమీలేయర్ పత్రం కావాలి. యానాం వారికి పుదుచ్చేరి జాబితా వర్తిస్తుంది. క్రీమీలేయర్ నిర్ణయానికి తల్లిదండ్రుల హోదా, ఆదాయం చూస్తారు తప్ప అభ్యర్థి సొంత జీతం కాదు. ఉద్యోగం వచ్చింది కదా అని చాలామంది ఈ హక్కును వదులుకుంటున్నారు.

ఈడబ్ల్యూఎస్: ఇక్కడ లెక్క వేరు. అభ్యర్థి జీతం కూడా కుటుంబ ఆదాయంలో కలుస్తుంది. గత ఆర్థిక సంవత్సరపు మొత్తం 8 లక్షల లోపు ఉండాలి. భూమి, ఇంటికి సంబంధించిన పరిమితులు కూడా ఉన్నాయి.

ఎస్సీ, ఎస్టీ: రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడిన నాటికి కుటుంబం శాశ్వతంగా ఏ రాష్ట్రంలో నివసించేదో అదే ప్రమాణం. అంతకు ముందే స్థిరపడిన కుటుంబాలు తాతల నాటి భూమి పత్రాలు, పాఠశాల రికార్డులు వెతికి పెట్టుకోవాలి.

ఇంటి పేరు, తండ్రి పేరు తెలుగు పత్రాల్లో ఒకలా, స్థానిక భాషా పత్రాల్లో మరోలా పడటం మన ఇళ్లలో తరచూ కనిపించేదే. పదో తరగతి మెమో, ఆధార్, కుల ధ్రువపత్రం మూడింటిలో పేరు ఒకేలా ఉందో లేదో జూన్‌లోనే సరిచూసుకోండి. దిద్దుబాటుకు వారాలు పడుతుంది. దరఖాస్తు గడువు మాత్రం ఆగదు.