కృష్ణమ్మ తెచ్చిన మన్ను: డెల్టా కాలువల పూడికతీత చరిత్ర

సహ్యాద్రిలోని మహాబలేశ్వరమున పుట్టిన కృష్ణవేణి సుమారు 1,400 కిలోమీటర్లు ప్రయాణించి హంసలదీవి చెంత సాగరమున కలియుచున్నది. దారిలో భీమ, తుంగభద్ర, మూసీ, మున్నేరు తమ నీటితోపాటు తమ తీరముల మన్నును కూడ ఆమె ఒడిలో పోయుచున్నవి. బెజవాడ కొండల నడుమ ఇరుకుదారిని దాటిన పిదప నేల చదునగును, ప్రవాహవేగము తగ్గును, అంతవరకు మోసికొనివచ్చిన బరువును నది దించుకొనును. అట్లు వేలాది సంవత్సరములు దించిన ఒండ్రే నేటి కృష్ణా డెల్టా. దివిసీమ మాగాణి, తెనాలి ప్రాంతపు వరిచేలు, కొల్లూరు లంకలు అన్నియు ఒకనాటి వరదనీటిలోని బురదయే.

అట్టి నది నుండి నీరు కోరువాడు మన్నును కూడ స్వీకరింపక తప్పదు. ఆనకట్ట కట్టిన కథను ఆంధ్రదేశమున పలువురు వ్రాసిరి; పిల్లలు సైతము పాఠములలో చదివిరి. ఆ కట్టడము పూర్తియైన మరుసటి వరద నుండియే మొదలై నేటికిని ముగియని రెండవ కథ ఒకటి కలదు. అది పూడిక తీసినవారి కథ. మొదటి కథకు శిలాఫలకములు సాక్ష్యము. రెండవదానికి కాలువగట్లే సాక్ష్యము.

ఆనకట్టయు, పూడికయు

నందన నామ సంవత్సరమున, అనగా 1832-33లో, వచ్చిన కరవు గుంటూరు సీమను శ్మశానప్రాయము గావించినది. ఊళ్ళకు ఊళ్ళు పాడుపడినవి. కృష్ణ ప్రక్కనే ఉన్నను, ఆ నీటిని చేనికి మళ్ళించు సాధనము లేకపోయెను. ఆ దారుణము తరువాత నదికి అడ్డుకట్ట వేయవలెనను తలంపు బలపడినది. ధవళేశ్వరమున గోదావరిపై ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ సూచనల ననుసరించి, కెప్టెన్ ఛార్లెస్ ఓర్ పర్యవేక్షణలో 1852లో బెజవాడ వద్ద పని ఆరంభమై 1855లో ముగిసినది. ఇంద్రకీలాద్రికిని సీతానగరము కొండకును నడుమ 1,132 మీటర్ల పొడవున రాతికట్ట వెలసినది. దాని ఎగువ నుండి తూర్పున ఏలూరు, రైవస్, బందరు కాలువలును, పడమట కొమ్మమూరు, బ్యాంకు, నిజాంపట్నము కాలువలును నీరు గైకొని, రెండు జిల్లాల రూపురేఖలను మార్చివేసినవి.

కట్ట నీటిని నిలిపినది. నిలిచిన నీరు మన్నును దించినది. నదిలో మన్ను రెండు విధముల నడుచును. బరువైన ఇసుక అడుగున దొర్లుచు వచ్చును. సన్నని ఒండ్రు నీటిలో కలిసి తేలుచు వచ్చును. దొర్లు ఇసుక కట్టకు ఎగువన మేటవేయును. తేలు ఒండ్రు తలతూములు దాటి కాలువలలో ప్రవేశించును. ఈ సంగతి నెరిగిన ఇంజనీర్లు ఆనకట్ట రెండు కొసలయందును, కాలువల తలతూముల ప్రక్కనే, అడుగుమట్టమున ఇసుకతూములు నిర్మించిరి. వరదకాలమున వానిని ఎత్తినచో, ప్రవాహపు వడికి తలతూము ముందరి ఇసుక దిగువకు కొట్టుకొనిపోవును. ఇది నదిచేతనే నదిని ఊడ్పించు ఉపాయము. కాని ఆ చీపురు తూముల దాపునకే అందును గాని, నడినదిలోని మేటలకును, కాలువలలోని ఒండ్రునకును అందదు.

కాలువలలో మరియొక చిక్కు కలదు. కాటన్ దృష్టిలో కాలువ సేద్యమునకు మాత్రమే గాక ప్రయాణమునకు కూడ ఉద్దేశింపబడినది. పడవ ఎదురెక్కవలెనన్న ప్రవాహము నెమ్మదిగా ఉండవలెను. అందుచే కాలువల వాలు తగ్గించి, మట్టము మారు చోట్ల లాకులు కట్టిరి. నెమ్మదిగా పారు నీరు పడవకు అనుకూలము; పూడికకును అనుకూలమే. సరకు చవుకగా సాగవలెనని చేసిన ఏర్పాటే కాలువ అడుగున ఏటేట మన్ను నిలుచుటకు కూడ ఒక కారణమైనది.

పారయు, తట్టయు

కాలువ అడుగు మూరెడు పూడినను ఎగువనున్న రైతునకు అది అంతగా తెలియదు. వాని తూమునకు నీరు ముందుగా అందును. తెలియునది శివారు రైతునకు. పూడిన మేరకు కాలువ మోయు నీరు తగ్గును. తగ్గిన నీటిలో ఎగువవారు తమ వంతు తీసికొనగా మిగిలినదే కొస ఊళ్ళకు చేరును. సముద్రము దాపున నేల ఉప్పుతో కూడినది. అచ్చట త్రాగుటకు కూడ కాలువనీరే దిక్కు. కావున పూడికతీత కేవలము కాలువ సంరక్షణ కాదు. అది ఎగువ ఊరికిని దిగువ ఊరికిని నడుమ న్యాయము నిలుపు పని.

ఆ పనికి ఏడాదిలో ఒకే అదను. వేసవిలో కాలువలు కట్టివేయుదురు. నీరు తీసిన కాలువలోనికి కూలిజనము పారలతో, తట్టలతో దిగుదురు. మట్టిపనిలో ఆరితేరిన వడ్డెరలు, ఉప్పరులు తరతరములుగా ఈ విద్యను నిలిపినవారు. పురుషులు త్రవ్వగా స్త్రీలు తట్టలు మోసి గట్టునకు చేర్తురు. త్రవ్విన లోతు కొలుచుటకై నడుమ నడుమ మట్టిదిమ్మలను అట్లే విడిచి, వాని ఎత్తునుబట్టి కూలి లెక్కింతురు. తొలకరికి కాలువలు విడుచులోపల పని ముగియవలెను. ఆలస్యమైనచో నారుమళ్ళు ఎండును. తొందరపడినచో పూడిక మిగులును. గట్టుమీద వేసిన మన్నును దూరముగా వేయనిచో మొదటి వానకే తిరిగి కాలువలోనికి జారును. ఈ చిన్న సంగతులే ఆ ఏటి పంటను నిర్ణయించుచు వచ్చినవి.

పడవపై యంత్రము

నీరు తీయగల చోట పార చాలును. నీరు తీయలేని చోట ఏమి చేయవలెను? ఆనకట్టకు ఎగువ జలాశయము ఎండదు. సముద్రపు పోటు ఎక్కు మురుగు కాలువలు ఎండవు. రేవుల ముఖద్వారములు ఎండవు. అట్టి తావులలో త్రవ్వువాడు నీటిపైననే నిలువవలెను. ఈ అవసరమునుండియే డ్రెడ్జరు జనించినది. 1805లో అమెరికాలోని ఫిలడెల్ఫియా రేవునకై ఆలివర్ ఎవాన్స్ ఆవిరియంత్రముతో నడచు డ్రెడ్జరును తయారుచేసెను. సూయజు కాలువ త్రవ్వకమున తొలుత ఈజిప్టు రైతులను వెట్టికి పట్టి పారలతో, బుట్టలతో పని చేయించిరి. 1860ల నడుమ ఆ వెట్టి రద్దయిన తరువాత, తొట్ల గొలుసులు గల ఆవిరి డ్రెడ్జర్లు మిగిలిన త్రవ్వకములో అధిక భాగము నెరవేర్చినవి. 1869లో ఆ కాలువ తెరువబడెను.

ఈ యంత్రములు ముఖ్యముగా మూడు రకములు. మొదటిదానిలో గొలుసునకు గ్రుచ్చిన తొట్లు అడుగునకు దిగి మన్ను నింపుకొని పైకి వచ్చును. రెండవదానిలో పంటుపై నిలిపిన యంత్రపు చేయి దోసిలివంటి తొట్టెతో మన్నును పట్టి ఎత్తును. మూడవదానిలో ముందున్న కోతచక్రము గట్టిపడిన మన్నును కదలించును. పంపు దానిని నీటితోపాటు పీల్చును. తేలు డబ్బాలపై పరచిన గొట్టము ద్వారా ఆ బురద ఒడ్డునకు చేరును. వెనుకవైపు దింపిన ఇనుపస్తంభము ఇరుసుగా, ఈ పడవ కుడియెడమలకు ఊగుచు అడుగడుగున ముందుకు సాగును. గొట్టమున వచ్చునది అధికభాగము నీరే. కావున ఆ నీరు దిగి మన్ను నిలుచుటకు ఒడ్డున కట్టలు గల మడులు సిద్ధపరుపవలెను. మన్ను తీయుటకంటె తీసిన మన్నుకు చోటు చూపుటయే కష్టమగు సందర్భములు అనేకము.

ఆంధ్రతీరమున ఈ విద్యకు పెద్ద పాఠశాల విశాఖపట్నము. 1933లో తెరువబడిన ఆ రేవు డ్రెడ్జర్ల శ్రమవలననే సాధ్యమైనది. భారత డ్రెడ్జింగు కార్పొరేషను 1976లో స్థాపితమై ఆ నగరమునే కేంద్రముగా చేసికొనినది. అందుకు భిన్నముగా, ఒకప్పుడు డచ్చి, ఇంగ్లీషు, ఫ్రెంచి వర్తకులు పోటీపడిన బందరు రేవున నీటిలోతు చాలక, ఓడలు తీరమునకు దూరముగా లంగరు వేసెడివి. సరకు చిన్న పడవలపై ఒడ్డునకు చేరెడిది. 2023లో బందరున నూతన రేవు పనులు ఆరంభమైనప్పుడు సముద్రగర్భమును త్రవ్వి లోతు కల్పించుట అందు ముఖ్యాంగమైనది.

డెల్టా లోపల ఈ యంత్రముల అవసరము మురుగు కాలువలలో బాగుగా కనబడును. గుంటూరు వైపు నల్లమడ, రొంపేరు. కృష్ణా వైపు లజ్జబండ, గుండేరు మొదలగునవి పొలముల మురుగునీటిని సముద్రమునకు చేర్చును. వీని దిగువభాగమున పోటునీరు నిలిచి ఉండును. పైన గుర్రపుడెక్క, తూటికాడ అల్లుకొనును. పూర్వము మనుష్యులు రొమ్ములోతు నీటిలో దిగి వానిని లాగెడివారు. ఇటీవలి దశాబ్దములలో పంటులపై నిలిపిన పొక్లెయినర్లు ఆ పని చేయుచున్నవి. సాగు కాలువ పూడినచో చేను ఎండును. మురుగు కాలువ పూడినచో చేను మునుగును. రెంటికిని మందు ఒక్కటే.

లోతు ఉన్నంతకాలము సాగిన పడవలు

పూడిక తీసిన కాలువ సాగునీరే గాక ఊళ్ళ నడుమ సంబంధములను కూడ మోసినది. కొమ్మమూరు కాలువ పెదగంజాము వద్ద బకింగ్‌హాము కాలువతో కలియుటచే డెల్టా ధాన్యము పడవలపై మద్రాసు వరకు సాగెడిది. ఏలూరు కాలువ కృష్ణను గోదావరితో కలిపినది. గాలి ఉన్నప్పుడు తెరచాప ఎత్తియు, లేనప్పుడు గట్టువెంట నడచుచు త్రాట లాగియు, గెడ వేసియు సరంగులు పడవలు నడిపిరి. 1893లో కృష్ణపై రైలువంతెన ఏర్పడిన తరువాత సరకు క్రమముగా రైలుకును, ఆ పిమ్మట లారీలకును మళ్ళినది.

అయినను కాలువలు అంతలో మూగవోలేదు. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా బ్యాంకు కాలువపై పుస్తకములతో పడవను నడిపించిరి. పెదవడ్లపూడి మొదలు కొల్లూరు వరకు తీరగ్రామముల పాఠకులకు ఆ పడవ గ్రంథాలయము పుస్తకము లందించినది. గ్రంథాలయోద్యమ చరిత్రలో ఆ పడవ పేరు నిలిచినది. ఆ పడవ అడుగు నేలకు తగులకుండ సాగుటకు వేసవిలో ఆ కాలువ త్రవ్విన కూలీల పేర్లు ఏ పుస్తకమునను లేవు. అయినను ఆ పుస్తకములను ఊరూర చేర్చిన పుణ్యములో వారికిని భాగము కలదు.

బ్యారేజి తరువాత

1952లో పాత ఆనకట్టకు గండి పడినది. దానికి బదులుగా 1954లో ఆరంభమై 1957లో పూర్తియైన ప్రకాశం బ్యారేజి, 40 అడుగుల వెడల్పు గల 70 ఖానాలతో, 1,223 మీటర్ల పొడవున, ఆంధ్ర రాష్ట్ర ప్రథమ ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులు పేర వెలసినది. దాని ఎగువ జలాశయపు నిలువ 3.07 టి.ఎం.సి. మాత్రమే. అంత చిన్న పాత్రలో చేరు ప్రతి మేటయు డెల్టా నీటిలో కొంత తగ్గించును.

ఎగువన 1967లో నాగార్జునసాగరు, 1980లలో శ్రీశైలము పనిచేయ నారంభించిన పిదప ఒండ్రు అధికముగా అచ్చటనే నిలిచిపోవుచున్నది. శ్రీశైలము నిలువ తొలుత 308 టి.ఎం.సి.లు కాగా, తరువాతి కొలతలలో 215కు దిగినది. నాగార్జునసాగరు 408 నుండి 312కు తగ్గినది. ఇదియొక వింత. కొండల నడుమ జలాశయములు మన్నుతో నిండుచుండగా, మన్ను చాలక డెల్టా తీరమున కొన్ని తావులను సముద్రము కోసివేయుచున్నది. మన్ను శత్రువు కాదు. ఉండవలసిన చోట లేకపోవుటయు, ఉండకూడని చోట ఉండుటయు కష్టకారణము.

2008లో కాకినాడ నుండి పుదుచ్చేరి వరకు గల కాలువలును, కృష్ణా గోదావరులలో కొంత భాగమును నాల్గవ జాతీయ జలమార్గముగా ప్రకటింపబడినవి. 2017లో ముక్త్యాల నుండి విజయవాడ వరకు 82 కిలోమీటర్ల భాగమునకు శంకుస్థాపన జరిగినది. నదిగర్భమును త్రవ్వి ఓడదారి ఏర్పరచుట అందు ప్రధానమైన పని. బ్యారేజి ఎగువన పడవలవారు బకెట్లతో నీట మునిగి ఇసుక తీయు వృత్తియు చిరకాలముగా కలదు. అయితే ఇసుక విలువ పెరిగిన కొలది ఒక ప్రశ్న తలెత్తినది. త్రవ్వునది నదికి దారి ఇచ్చుటకా, ఇసుక అమ్ముటకా? పూడిక తీయువాడు పూడిక ఉన్న చోట త్రవ్వును. ఇసుక కోరువాడు మంచి ఇసుక ఉన్న చోట త్రవ్వును. మొదటిది నదిని బాగుచేయును. రెండవది హద్దు మీరినచో గట్లకును వంతెన పునాదులకును ముప్పు తెచ్చును.

2024 సెప్టెంబరు ఆరంభమున 11 లక్షల 43 వేల క్యూసెక్కుల వరద బ్యారేజిని దాటినది. ఆ ఉద్ధృతిలో ఎగువ నుండి కొట్టుకొనివచ్చిన భారీ ఇనుపపడవలు తలుపులకు తగిలి, వాని బరువుదిమ్మలను దెబ్బతీసినవి. ఖానాలకు అడ్డుపడిన ఆ పడవలను తొలగించుటకు అనేక దినములు పట్టినది. నదిలో పనికై దింపిన సాధనమును భద్రపరచనిచో అదియే నదికి అడ్డమగునని ఆ వరద తెలిపినది.

1855లో ఆనకట్ట మూడేండ్లలో పూర్తియైనది. పూడికతీత మాత్రము నాటినుండి పూర్తికాలేదు, పూర్తియగునది కాదు. ప్రతి వేసవియందును డెల్టా తన కాలువలను మరల సంపాదించుకొనవలసియే ఉన్నది. పారతో గాని, పంటుపై యంత్రముతో గాని, తొలకరికి పూర్వము ఆ పని జరిగిన ఏట శివారు చేనునకు నీరందినది. జరుగని ఏట అందలేదు. కృష్ణా డెల్టా పంటల చరిత్రలో అధికభాగము ఈ రెండు మాటలలో ఇమిడియున్నది.