విశ్వవిద్యాలయమున సంగీతరచన: పరిశోధన పట్టము పుట్టుపూర్వోత్తరములు

పరిశోధన యనగా ఒకరు రచించినదానిని గూర్చి వేరొకరు విచారించుట యని మన శాఖలలో స్థిరపడిన భావము. కావ్యము చెప్పినవాడు కవి. ఆ కావ్యము యొక్క కాలమును, పాఠమును, రసమును నిర్ణయించువాడు పరిశోధకుడు. మొదటివానికి లోకము బిరుదము నిచ్చును. రెండవవానికి విశ్వవిద్యాలయము పట్టము నిచ్చును. ఈ రెండు పనులును ఒకటియే కాగలవా? నూతనముగ ఒక కృతిని నిర్మించి దానినే సిద్ధాంతగ్రంథముగ సమర్పించినచో పరీక్షకులు దేనిని పరీక్షింపవలెను? ఈ ప్రశ్నను దీర్ఘకాలముగ ఎదుర్కొనుచు వచ్చినది పాశ్చాత్య సంగీతవిద్య. సమకాలిక సంగీతరచన స్నాతకోత్తర విషయముగ ఎట్లు నెలకొన్నదో, ఆ క్రమమున ఏ చిక్కులు పుట్టినవో విచారించుట ఈ వ్యాసోద్దేశము.

మధ్యయుగపు ఐరోపా విద్యాపీఠములలో సంగీతము అంకగణిత, రేఖాగణిత, ఖగోళములతో కూడిన నాలుగు శాస్త్రములలో ఒకటి. అచట ప్రధానముగ బోధింపబడినది గానము కాదు. స్వరముల నడుమ గల సంఖ్యాసంబంధము. అయినను ఇంగ్లండున 15వ శతాబ్దినుండియే సంగీతమున ప్రత్యేక పట్టము లిచ్చు ఆచారము మొదలైనది. కేంబ్రిడ్జిలో 1464లో హెన్రీ అబింగ్డన్ పొందిన పట్టము అట్టివానిలో తొలిది. రాబర్ట్ ఫేర్‌ఫాక్స్ 1504లో అచటనే డాక్టరు పట్టమునకై ‘మాస్’ అను ప్రార్థనాకృతిని రచించి సమర్పించెను. అనగా రచనయే పరీక్షగా నిలుచుట ఐదువందల ఏండ్లనాటి మాట. కాని అభ్యర్థులు విశ్వవిద్యాలయమున నివసించి చదువవలయునను నిర్బంధము సాధారణముగ లేకుండెను. వారు చర్చి గాయకబృందములలో పెరిగి, గురువుల కడ విద్య నేర్చి, పట్టమునకు మాత్రము విద్యాపీఠమునకు వచ్చెడివారు. 1791లో ఆక్స్‌ఫర్డు హైడన్‌నకు గౌరవ డాక్టరేటు నిచ్చినప్పుడు వినిపింపబడి ‘ఆక్స్‌ఫర్డు సింఫనీ’ యని పేరొందిన 92వ సింఫనీ సయితము 1789లో పారిస్ కొరకు వ్రాయబడినదే. విశ్వవిద్యాలయము గుర్తించెను, నేర్పలేదు.

నేర్పు బాధ్యతను వహించినవి సంగీత కళాశాలలు. 1795లో స్థాపింపబడిన పారిస్ కన్సర్వేటరీ వానిలో ముఖ్యమైనది. 1803నుండి సంగీతకర్తల కీయబడిన ‘రోమ్ బహుమతి’ అచటి రచనావిద్యార్థులకు పరమలక్ష్యమైనది. నియమబద్ధముగ పలుగొంతుల కూర్పు వ్రాయగల నైపుణ్యము అందు ప్రధానపరీక్ష. ఈ పద్ధతి బలమెంతయో, దాని హద్దెంతయో 1905లో బయటపడినది. మోరిస్ రవెల్ అప్పటికే 1901లో ‘జలక్రీడలు’ అను పియానో కృతిని, 1903లో తంత్రీవాద్య చతుష్టయమును రచించి ఖ్యాతినొందిన ముప్పది యేండ్ల వాడు. అయినను ప్రాథమిక పరీక్షలోనే త్రోసివేయబడెను. తుదిపోటీకి ఎన్నికైనవారందరును న్యాయనిర్ణేతలలో ఒకడైన లెనెప్వూ శిష్యులే యని తెలియుటతో పత్రికలలో గగ్గోలు చెలరేగినది. ఆ యేడే కన్సర్వేటరీ అధ్యక్షపదవి డ్యూబ్వా చేతినుండి రవెల్ గురువగు ఫోరేకు మారినది. పరీక్షకుని చెవి ఎచట ఆగునో పరీక్షయు అచటనే ఆగునను సత్యము ఇందువలన వెల్లడి యైనది.

రచనను పరిశోధన పట్టమునకు అర్హముగ నెంచిన ఆధునిక నిర్ణయము అమెరికాలో జరిగినది. 1922లో అయోవా విశ్వవిద్యాలయము సృజనాత్మక కృతులను ఉన్నత పట్టములకు సిద్ధాంతగ్రంథములుగ స్వీకరింతుమని ప్రకటించెను. స్నాతకోత్తర విభాగమునకు అప్పటి అధిపతి కార్ల్ సీషోర్. అతడు కవి కాడు, సంగీతకర్త కాడు, మనస్తత్వశాస్త్రజ్ఞుడు. స్వరపు ఎత్తును, బిగ్గరను, కాలమును, జ్ఞాపకమును కొలిచి సంగీతశక్తిని అంచనావేయు పరీక్షలను 1919లో వెలువరించినవాడు. కొలతకు లొంగు శక్తులపై అంత నమ్మకము గల శాస్త్రజ్ఞుడే కొలతకు లొంగని సృష్టికి ద్వారము తెరచుట విశేషము. 1936లో అచటనే రూపొందిన రచయితల కార్యశాల సాహిత్యచరిత్రలో సుప్రసిద్ధము. నేడు సృజనాత్మక రచనకు పట్టములిచ్చు సాహిత్యశాఖలు ఏ నిర్ణయమునకు ఋణపడియున్నవో అదియే సంగీతరచనకును మార్గమైనది.

అయితే మార్గము తెరవబడినంతనే చిక్కు తీరలేదు. దీనికి ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయమున మిల్టన్ బాబిట్ చరిత్ర ఉత్తమ నిదర్శనము. 1916లో ఫిలడెల్ఫియాలో జన్మించి మిసిసిపీ రాష్ట్రపు జాక్సన్‌లో పెరిగిన ఇతడు రోజర్ సెషన్స్ వద్ద రచన నభ్యసించి 1938లో ప్రిన్‌స్టన్ సంగీతాధ్యాపకులలో చేరెను. ద్వితీయ ప్రపంచయుద్ధకాలమున గణితమును సయితము బోధించెను. 1946లో పండ్రెండు స్వరముల పద్ధతిలో శ్రేణినిర్మాణపు పాత్రను గూర్చి సిద్ధాంతగ్రంథము సమర్పించెను. శాఖ దానిని ఆమోదింపలేదు. రచనావిషయమున డాక్టరేటు అప్పటికి అచట లేకుండెను.

ఆ గ్రంథవిషయమును కొంత వివరించుట అవసరము. స్థాయిలోని పండ్రెండు స్వరస్థానములను ఒక నిర్ణీతక్రమమున అమర్చి, ఆ శ్రేణినే కృతికి ఆధారముగ గ్రహించు పద్ధతిని ఆర్నాల్డ్ షోన్‌బెర్గ్ 1920ల ఆరంభమున ప్రవేశపెట్టెను. మన రాగమున కొన్ని స్వరములు గ్రాహ్యములు, కొన్ని వర్జ్యములు. ఈ పద్ధతిలో వర్జ్యస్వరమే లేదు, క్రమమే నియామకము. శ్రేణికి మూలరూపము, దానిని వెనుకనుండి చదువు రూపము, ఎక్కుదలలను దిగుదలలుగ మార్చు రూపము, ఈ రెండును కలిసిన రూపము అని నాలుగు. ఒక్కొక్కటి పండ్రెండు స్థానములనుండి మొదలుకాగలదు గనుక మొత్తము నలుబదియెనిమిది. ఒక రూపములోని మొదటి ఆరు స్వరములు వేరొక రూపములోని మొదటి ఆరింటితో కలిసి పండ్రెండును పూరించుట షోన్‌బెర్గ్ కృతులలో కనిపించును. బాబిట్ ఏ శ్రేణులకు ఈ గుణము గలదో గణితరీతిని వర్గీకరించి, అది యాదృచ్ఛికము కాదనియు, కృతినిర్మాణమునకు మూలసూత్రము కాగలదనియు నిరూపించెను. ఇది పరుల కృతుల వ్యాఖ్య మాత్రమే కాదు. తాను వ్రాయబోవు కృతులకు వేసికొన్న పునాది. శాస్త్రమును రచనయు ఇచట ఒకే చేతిలో నున్నవి.

త్రోసివేయబడిన ఆ వ్రాతప్రతి సంగీతజ్ఞుల చేతులు మారుచు ప్రచారము నొందినది. అందలి భావములు 1955నుండి వ్యాసములుగ వెలువడి అమెరికా సంగీతసిద్ధాంతమునకు పరిభాష నిచ్చినవి. బాబిట్ దశాబ్దముల పాటు ప్రిన్‌స్టన్‌లో తరతరముల విద్యార్థులకు గురువై, 1982లో పులిట్జర్ సంస్థ ప్రత్యేక ప్రశంసను పొందెను. 1946నాటి గ్రంథమునకు ప్రిన్‌స్టన్ డాక్టరేటు నిచ్చినది 1992లో. అనగా 46 ఏండ్లకు. గ్రంథము మారలేదు, చదువువారు మారిరి.

ఈ నడుమ అతడు చేసిన వాదము మరింత ప్రసిద్ధము. 1958 ఫిబ్రవరిలో ‘హై ఫిడెలిటీ’ పత్రికలో వెలువడిన వ్యాసమునకు అతడు పెట్టిన పేరు ‘నిపుణుడుగా సంగీతకర్త’ అని అర్థమిచ్చునది. ‘మీరు విన్న నేమి, వినకున్న నేమి’ అను ధ్వని గల శీర్షికను సంపాదకులు తగిలించిరి. ఆ శీర్షికయే అపకీర్తికి మూలమైనది. వాదసారము వేరు. ఉన్నత గణితమును, భౌతికశాస్త్రమును సామాన్యుడు గ్రహింపలేకున్నను విశ్వవిద్యాలయము పోషించుచున్నది; నూతన సంగీతమును అట్లే పోషింపవలెను; లేనిచో సంగీతపరిణామము ఆగిపోవునని అతని మనవి. 1959లో రాక్‌ఫెలర్ సంస్థ యొసగిన 1,75,000 డాలర్లతో కొలంబియా, ప్రిన్‌స్టన్‌లు ఉమ్మడిగ ఎలక్ట్రానిక్ సంగీతకేంద్రమును నెలకొల్పినవి. ఒక గదిని నింపు సింథసైజర్ యంత్రము అచట రచయితకు వాద్యమైనది. ఇది ప్రయోగశాల వంటిదే. 1961లో ప్రిన్‌స్టన్ సంగీతరచనలో పరిశోధన పట్టమును ఏర్పరచినది. 1962లో నూతన సంగీతమునకై ‘పర్‌స్పెక్టివ్స్ ఆఫ్ న్యూ మ్యూజిక్’ అను పత్రిక పుట్టినది. ఒక కృతి, దానితో పాటు ఒక విచారణవ్యాసము: ఈ రెండింటి జంట సిద్ధాంతగ్రంథముగ స్థిరపడినది.

ఈ జంటలోనే నేటి వివాదము దాగియున్నది. బ్రిటన్‌లో విశ్వవిద్యాలయముల పరిశోధనను ప్రభుత్వపక్షమున మూల్యాంకనము చేయు విధానము బలపడిన కొలది, రచయితలు తమ కృతులకు ‘పరిశోధన ప్రశ్న’లను జోడించి చూపవలసివచ్చినది. 2015లో జాన్ క్రాఫ్ట్ ‘టెంపో’ పత్రికలో రచన పరిశోధన కాదని స్పష్టముగ వ్రాసెను. పరిశోధన యున్నదానిని వర్ణించును, రచన లేనిదానిని చేర్చును. కృతి పుట్టిన పిదప ప్రశ్నను కల్పించుట మిథ్యాశాస్త్రమగునని అతని ఆక్షేపణ. మరుసటి యేడు ఇయాన్ పేస్ అదే పత్రికలో, రచనయు వాదనమును పరిశోధన కాగలవనియు, పెక్కుసారులు అయియున్నవనియు ప్రత్యుత్తర మిచ్చెను. ఇరువురి మాటయందును కొంత సత్యము కలదు. బాబిట్ ప్రశ్న ముందు పుట్టెను, కృతులు దాని ననుసరించినవి. అందరు రచయితలకు ఆ క్రమము సహజము కాదు.

ఇచట మన లక్షణగ్రంథములు స్మరణకు వచ్చుట సహజము. 13వ శతాబ్దిలో దేవగిరి యాదవుల ఆశ్రయమున శార్ఙ్గదేవుడు రచించిన ‘సంగీతరత్నాకరము’న వాగ్గేయకార లక్షణము సవిస్తరముగ చెప్పబడినది. వ్యాకరణము, నిఘంటువు, ఛందస్సు, అలంకారము, రసభావములు, దేశరీతులు, నృత్తగీతవాద్యములు: ఇంత చదువు అతనికి విధింపబడినది. అయినను తారతమ్యనిర్ణయము చదువును బట్టి కాదు; ధాతుమాతువుల నిర్మాణమును బట్టి. ఇంపైన మాతువును కూర్చియు ధాతువున మందుడైనవాడు అధముడు. పరుల ధాతువునకు మాతువును మాత్రము కూర్చువాడు కుట్టికారుడు. శాస్త్రము అర్హత, కృతి ప్రమాణము అను ఈ విభాగము స్పష్టముగనున్నది. రచయిత తన కృతిని సమర్థించు వ్యాసమును వ్రాయవలెనని శార్ఙ్గదేవుడు కోరలేదు.

తిరిగి ప్రిన్‌స్టన్‌నకు వత్తము. 2013లో సంగీతమునకు పులిట్జర్ బహుమతి నందిన కారొలిన్ షా అప్పటికి అచట రచనావిషయమున పరిశోధక విద్యార్థిని, వయస్సు ముప్పది, ఆ బహుమతి పొందిన సంగీతకర్తలలో అందరికంటె చిన్నది. ఎనిమిది గొంతులకు ఆమె వ్రాసిన ‘పార్తీత’ నాలుగు భాగములకును ప్రాచీన నాట్యరూపముల పేర్లే కలవు. అందు పాటతో పాటు మాట, గుసగుస, నిట్టూర్పు సయితము సంగీతమగును. తానును గాయనిగ నున్న ‘రూమ్‌ఫుల్ ఆఫ్ టీత్’ బృందముతో వేసవులలో సాధన చేయుచు, ఏ ధ్వని ఏ గొంతున పలుకునో వినుచు ఆ కృతిని ఆమె కూర్చెను. బాబిట్ శ్రేణిగణితమునకును దీనికిని పోలిక లేదు. అయినను రెండింటికిని ఒకే శాఖ ఆశ్రయమైనది. ఒక శైలిని నిలుపుటకై పుట్టిన పట్టము కాలక్రమమున ఆ శైలిని దాటి విస్తరించినదనుటకు ఇంతకంటె సాక్ష్యము అక్కరలేదు.

పై చరిత్రవలన రెండు విషయములు తేలుచున్నవి. విశ్వవిద్యాలయము రచయితకు పట్టమునకంటె మిన్నగ ఇయ్యగలిగినవి విరామకాలము, గ్రంథాలయము, యంత్రసాధనములు, కృతిని పలికించు సహాధ్యాయులు. ఇవి లేనిచోట పట్టము ముద్ర మాత్రమే. ఇక రవెల్, బాబిట్‌ల విషయమున ఓడినది అభ్యర్థి కాదు, పరీక్ష. కావున సృజనాత్మక కృతిని స్వీకరింపదలచిన ఏ శాఖయైనను, అది సంగీతశాఖ కానిండు, సాహిత్యశాఖ కానిండు, ముందుగ విచారింపవలసినది విద్యార్థి యర్హతను గాదు; ఆ కృతిని వినగల, చదువగల పరీక్షకులు తనకు గలరా యను విషయమును. వ్యాసము కృతికి దారి చూపవచ్చును. కృతికి బదులు నిలువరాదు. పరీక్షకుడు ముందు కృతిని విని, పిమ్మట వ్యాసమును విప్పుట న్యాయము.