స్థూలకాయ శస్త్రచికిత్సకు సొమ్ము: బందరు వైద్యుని బీమా నుంచి నేటి సహాయనిధి దాకా

“బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకొమ్మన్నారు డాక్టరుగారూ, లక్షల్లో ఖర్చవుతుందట, మాకు బీమా లేదు” అనే మాట ఇటీవల గుడివాడ, అవనిగడ్డ వైపుల నుంచి తరచుగా వినబడుతున్నది. దీనికి సమాధానం చెప్పబోయే ముందు కొంత చరిత్ర చెప్పక తప్పదు. సహాయం కోసం ఈనాడు మీరు తట్టవలసిన తలుపులను ఎవరు, ఏ రోగాలను దృష్టిలో పెట్టుకొని కట్టారో తెలిస్తే, ఏ తలుపు ఎందుకు తెరుచుకోదో కూడా తెలుస్తుంది.

కథ బందరులోనే మొదలవుతుంది. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మద్రాసులో వైద్యం చదివి, మచిలీపట్నంలో ప్రాక్టీసు పెట్టిన డాక్టరు. రాజకీయాలలోనికి వెళ్ళి ప్రాక్టీసు మానుకొన్నారు. ఆంధ్రా బ్యాంకును 1923లో స్థాపించినది ఆయనే అని అందరికీ తెలుసు. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని, 1935లో హిందుస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్సును స్థాపించినదీ ఆయనే అన్న సంగతి చాలామంది మరచిపోయారు. ఒక వైద్యుడు ఊరి జనానికి బీమా అలవాటు చేయడం మన డెల్టాకే దక్కిన విశేషమని నా అభిప్రాయం. అయితే అది జీవిత బీమా. ఇంటి యజమాని మరణిస్తే కుటుంబానికి సొమ్ము వస్తుంది. ఆయన జబ్బుపడి బ్రతికి ఉంటే ఏమీ రాదు. ఆ కంపెనీల జీవిత బీమా వ్యాపారం 1956లో ఎల్ఐసీలో కలిసిపోయింది. ఆసుపత్రి ఖర్చుకు ‘మెడిక్లెయిమ్’ పాలసీ 1986లో గాని రాలేదు. అది వచ్చిన తరువాత కూడా స్థూలకాయ చికిత్స చాలాకాలం ‘వర్తించనివి’ అనే పట్టికలోనే ఉండిపోయింది.

శాస్త్రం మాత్రం అప్పటికే చాలా దూరం వెళ్ళింది. అమెరికాలో మిన్నెసోటా వైద్యులు చిన్నప్రేగును దాటవేసే శస్త్రచికిత్సను 1954లోనే ప్రచురించారు. అయోవాలో ఎడ్వర్డ్ మేసన్ 1966లో గ్యాస్ట్రిక్ బైపాస్ ప్రారంభించారు. శరీర బరువును కిలోలలో తీసుకొని, ఎత్తును మీటర్లలో వర్గం చేసి భాగిస్తే వచ్చే అంకె బీఎంఐ. అది 40 దాటినవారికి, లేదా 35 దాటి మధుమేహం, నిద్రలో ఊపిరి ఆగడం వంటి జబ్బులు కూడా ఉన్నవారికి ఈ శస్త్రచికిత్స తగునని 1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణులు తేల్చారు. మన ఆసియావారికి తక్కువ బరువులోనే మధుమేహం వస్తుంది గనుక, 2022లో అంతర్జాతీయ శస్త్రవైద్య సంఘాలు మనకు ఇంకా తక్కువ హద్దు సూచించాయి. ఇంత జరిగినా మన ఊళ్ళలో దీనిని సోకు కోసం చేసే ఆపరేషన్ గానే చూస్తారు. తిండి తగ్గించుకోలేని బలహీనతగా లెక్కగడతారు. డబ్బు పుట్టకపోవడానికి అసలు అడ్డంకి ఇదే.

మనవారికి దానగుణం లేదా అంటే, పుష్కలంగా ఉన్నది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు, గుడివాడ ప్రాంతంలో పుట్టి పెరిగిన ఇద్దరు మహానటులు, ఎన్.టి. రామారావుగారు, అక్కినేని నాగేశ్వరరావుగారు, జోలె పట్టి ఊరూరా తిరిగితే జనం ఉన్నదంతా ఇచ్చారు. కంటికి కనబడే ఆపదకు కరిగే చేతులవి. గుండె ఆపరేషన్ కావలసిన పసివాని ఫొటోకు వచ్చినంత చందా నూటపది కిలోల ఇల్లాలి ఫొటోకు రాదు, ఆమె మోకాళ్ళు అరిగిపోయి ఇన్సులిన్ మీద బ్రతుకుతున్నా సరే.

ప్రభుత్వ సహాయమూ ఆపద దారినే నడిచింది. ముఖ్యమంత్రి సహాయనిధికి వైద్యం కోసం వచ్చే అర్జీలు పెరిగి పెరిగి, 2004 మే నుంచి 2007 జూన్ వరకు 55 వేల పైచిలుకు రోగులకు సుమారు 168 కోట్ల రూపాయలు ఇవ్వవలసి వచ్చింది. ఆ అనుభవం నుంచే 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో ఆరోగ్యశ్రీ ప్రారంభమైంది. 2008లో కృష్ణా జిల్లాకూ వచ్చింది. గుండె, క్యాన్సర్, మూత్రపిండాలు, మెదడు, కాలిన గాయాలు, ప్రమాదాలు: దాని జాబితా వీటి చుట్టూ అల్లినది. తరువాత పేర్లు మారాయి (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ), జాబితా మూడు వేల చికిత్సలు దాటింది, పరిమితి 2023 డిసెంబరులో 25 లక్షలకు పెరిగింది.

బీమా రంగంలో మార్పు 2019లో వచ్చింది. స్థూలకాయ శస్త్రచికిత్సను ఏ షరతులపై మినహాయింపు నుంచి తప్పించాలో బీమా నియంత్రణ సంస్థ ఒకే వాక్యరచనతో నిర్దేశించింది: వయసు 18 దాటాలి, వైద్యుడు సిఫారసు చేయాలి, బీఎంఐ 40 గాని, గుండె జబ్బు, తీవ్రమైన నిద్రావస్థ శ్వాసావరోధం, అదుపులేని టైపు-2 మధుమేహం వంటివి ఉంటే 35 గాని ఉండాలి. పాలసీ లేనివారికి కూడా ఈ వాక్యం ఉపయోగమే. మీ అర్జీకి అదే నమూనా.

ఇక చేయవలసినది. 160 సెంటీమీటర్ల ఎత్తు, 105 కిలోల బరువు ఉంటే బీఎంఐ 41. ఈ అంకెను, మూడు నెలల చక్కెర సగటును, రక్తపోటును, నిద్ర పరీక్ష ఫలితాన్ని, ఆహార నియమాలతో ఇదివరకు చేసిన ప్రయత్నాలను ఒక ప్రభుత్వ వైద్యుని చేత లేఖగా వ్రాయించుకోండి. బందరులో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్నది. దీనికోసం విజయవాడ పరుగెత్తనక్కరలేదు. శస్త్రచికిత్స విషయం వచ్చినప్పుడు విజయవాడ, గుంటూరు బోధనాసుపత్రుల సర్జరీ విభాగాలను ముందు అడగండి, కార్పొరేట్ ఆసుపత్రిని తరువాత. హైదరాబాదు ఉస్మానియాలో 2022లో రెండు వందల కిలోలు దాటిన యువకునికి ప్రభుత్వ వైద్యులే ఉచితంగా ఈ శస్త్రచికిత్స చేశారు.

అదే సమయంలో నెట్‌వర్క్ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను గాని, 104 నంబరును గాని అడిగి, మీకు చెప్పిన చికిత్స జాబితాలో ఉన్నదో లేదో తేల్చుకోండి. లేదంటే ముఖ్యమంత్రి సహాయనిధి మిగులుతుంది. దానికి ఎమ్మెల్యే కార్యాలయం ద్వారా అర్జీ పెట్టాలి: ఆధార్, రేషను కార్డు లేదా ఆదాయ ధ్రువపత్రం, ఆసుపత్రి అంచనా లేదా అసలు బిల్లులు, డిశ్చార్జి పత్రం. ఖర్చంతా వస్తుందని ఆశపడవద్దు. కొంత భాగమే వస్తుంది. ఆపరేషన్‌కు ముందే హామీపత్రం ఇప్పించమని అడగడం మేలు. ఇంట్లో ఎవరి జీతంలోనైనా ఈఎస్ఐ చందా కోత పడుతున్నదేమో కూడా చూడండి. నెలకు 21,000 లోపు జీతగాళ్ళకు వర్తించే ఈ పథకంలో కుటుంబ సభ్యులకూ వైద్యం ఉన్నది. కార్డు బీరువాలో పెట్టి మరచిపోయిన ఇళ్ళు ఎన్నో.

అరెకరం తాకట్టు పెట్టడం మా డెల్టా అలవాటు. ఈ ఆపరేషన్‌కు మాత్రం తొందరపడి ఆ పని చేయకండి. ఇది చాలావరకు ఆరు నెలలు ఆగగలిగినదే, ఆ ఆరు నెలలలో అర్జీ కదులుతుంది. ఆసుపత్రివారు ‘ప్యాకేజీ’ అని చెప్పినప్పుడు అందులో ఏమేమి లేవో వ్రాసి ఇమ్మనండి. బైపాస్ చేయించుకొన్నవారు ఇనుము, కాల్షియం, డి విటమిన్, బి12 జీవితాంతం వాడాలి, రక్తపరీక్షలు ఏటా చేయించాలి. ఆ ఖర్చు ఏ ప్యాకేజీలోనూ ఉండదు, ఏ సహాయనిధీ ఇవ్వదు. నెలకు ఎంతవుతుందో మందుల దుకాణంలో అడిగి, ఆపరేషన్‌కు సరే అనకముందే ఇంటి లెక్కలో వేసుకోండి.