సీసం నదిదా? సీసాదా?

ముందు ఒక చిన్న లెక్క. ఒలింపిక్ ఈతకొలనులో సుమారు 25 లక్షల లీటర్ల నీళ్ళు పడతాయి. అందులో రెండున్నర గ్రాముల సీసం కలిపితే లీటరుకి ఒక మైక్రోగ్రాము వస్తుంది. నదుల్లో కరిగి ఉండే సీసం, కాడ్మియం లాంటి లోహాల్ని కొలవడమంటే ఈ స్థాయిలోనో, ఇంకా కిందనో వెతకడం. అంత సూక్ష్మంగా కొలిచేటప్పుడు ఒక ప్రశ్న తప్పదు. దొరికిన ఆ కాస్త సీసం నదిలోంచి వచ్చిందా, నీళ్ళు పట్టిన సీసాలోంచి వచ్చిందా?

ఇదేదో మాటల గారడీ అనుకునేరు. ఈ ప్రశ్న సకాలంలో అడగకపోవడం వల్ల అమెరికాలాంటి దేశం దాదాపు ఇరవై ఏళ్ళ కొలతల్లో కొంత భాగాన్ని పక్కన పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ కథే ఇది.

1972లో అమెరికాలో క్లీన్ వాటర్ యాక్ట్ వచ్చింది. కోట్ల డాలర్లు పోసి మురుగునీటి శుద్ధి కేంద్రాలు కట్టారు. మరి నదులు బాగుపడుతున్నాయో లేదో తెలియాలి కదా? అమెరికా జియొలాజికల్ సర్వే వాళ్ళు 1973లో నాస్క్వాన్ అనే నెట్‌వర్కు మొదలుపెట్టారు. ఆ దశాబ్దం చివరికి స్టేషన్లు ఐదొందలు దాటాయి. దేశమంతటా ఒకే పద్ధతి, ఒకే పట్టిక, ఏళ్ళ తరబడి కొలతలు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇలాంటి డేటాబేసు కనిపిస్తే నోరూరుతుంది.

1987లో స్మిత్, అలెగ్జాండర్, వోల్మన్ అనే ముగ్గురు సైన్స్ పత్రికలో ఆ కొలతలన్నీ విశ్లేషించి ఒక వ్యాసం రాశారు. నదుల్లో సీసం, మలసంబంధ బాక్టీరియా చాలాచోట్ల తగ్గాయి. నైట్రేటు, క్లోరైడు, ఆర్సెనిక్, కాడ్మియం చాలాచోట్ల పెరిగాయి. జాతీయస్థాయిలో నదుల జాతకం చెప్పిన గొప్ప ప్రయత్నం అది.

సరిగ్గా అదే కాలంలో సముద్రాల వాళ్ళు ఇంకో కథ చెబుతున్నారు.

ఆ కథకి మూలపురుషుడు క్లెయిర్ ప్యాటర్సన్. భూమి వయసు 455 కోట్ల ఏళ్ళని 1956లో తేల్చిచెప్పినాయన. ఉల్కల్లోని సీసం కొలవబోతే ఆయనకి లెక్కలు కుదరలేదు. ఎందుకంటే గాల్లో, దుమ్ములో, పాత్రల్లో, చివరికి మనిషి ఒంటిమీద కూడా సీసమే. అది పరిసరాల్లోంచి నమూనాలోకి చేరుతోంది. దాంతో ఆయన కాల్టెక్‌లో అత్యంత శుభ్రమైన ప్రయోగశాల కట్టుకుని, ఆ తర్వాత సముద్రపు నీళ్ళ మీద పడ్డాడు. 1981లో షౌలేతో కలిసి పసిఫిక్‌లోని సీసం గురించి ప్రచురించాడు. అంతకుముందు చాలామంది చూపించిన అంకెలతో పోలిస్తే అసలు సీసం ఎంతో తక్కువ. ఆ పాత అంకెల్లో ఎక్కువ భాగం సముద్రానిది కాదు. ఓడది, తాడుది, సీసాది.

ఈ శుభ్రత అలవాటైన వాళ్ళు నదుల వైపు తిరిగారు. 1985లో షిల్లర్, బాయిల్ నదుల్లో కరిగిన జింకు కొలిచి, పాత అంకెలకంటే చాలా తక్కువని నేచర్‌లో రాశారు. 1991లో హెర్బర్ట్ విండమ్ బృందం తూర్పుతీరపు నదుల్ని జాగ్రత్తగా కొలిచి నాస్క్వాన్ అంకెల పక్కన పెట్టింది. కాడ్మియం, రాగి, సీసం, జింకు, అన్నిట్లోనూ నాస్క్వాన్ అంకెలు బాగా ఎక్కువగా తేలాయి. నదుల్లో లోహాల పోకడ తేల్చడానికి ఈ డేటా పనికిరాదని వాళ్ళ తీర్పు.

ఇక్కడ ల్యాబులోని యంత్రాన్ని తప్పు పట్టి లాభం లేదు. అది తనకిచ్చిన నీళ్ళలో ఉన్నది ఉన్నట్టు చెప్పింది. కలుషితం అంతకుముందే, నది ఒడ్డున జరిగిపోయింది. నీళ్ళు ముంచే పరికరంలో లోహపు భాగాలు, వంతెన మీంచి దించే ఇనప తీగ, ఫిల్టరు, చేతి తొడుగుల్లోని పొడి, పక్కనే ఆగిన బండి దుమ్ము, ఏదైనా చాలు.

మెచ్చుకోవాల్సిందేమిటంటే, సర్వే వాళ్ళు దబాయించలేదు. కరిగిన లోహాల కొలతల్లో కలుషితం ఉందని 1991లోనే ఒప్పుకున్నారు. 1994లో హోరోవిట్జ్ తదితరులు నీటి నమూనాల సేకరణకి కొత్త నియమావళి రాశారు. అందులో ముఖ్యమైనది ‘శుభ్రమైన చేతులు, మురికి చేతులు’ అనే పద్ధతి. ఇద్దరు వెళతారు. ఒకరు నమూనా సీసాని, దాని లోపలి సంచిని తప్ప ఇంకేదీ ముట్టుకోరు. మిగతావన్నీ, అంటే మోటారు, తీగ, బయటి సంచి, రెండోవాళ్ళు చూసుకుంటారు. ఆవకాయ జాడీలో తడి గరిట పెట్టనివ్వని ఇళ్ళలో పెరిగిన మనకి ఇది అర్థం కావడానికి పెద్ద చదువక్కర్లేదు.

నాకు మాత్రం బాగా నచ్చింది ఫీల్డ్ బ్లాంక్. ల్యాబులో తయారుచేసిన స్వచ్ఛమైన నీళ్ళని నది దాకా మోసుకెళ్ళి, అక్కడ అదే పరికరంలో, అదే ఫిల్టరులో పోసి, నది నీళ్ళలాగే సీసాలో పట్టి ల్యాబుకి పంపుతారు. అందులో జింకు కనిపించిందంటే అది నదిది కాదు, మనది. ప్రోగ్రాముకి ఖాళీ ఇన్‌పుట్ ఇచ్చి చూడటం లాంటిదే. ఏమీ ఇవ్వకపోయినా జవాబొస్తోందంటే తప్పు లోపలే ఉందన్నమాట.

మన దేశం సంగతి చూద్దాం. 1974లో నీటి కాలుష్య నివారణ చట్టం వచ్చింది. అందులో 21వ సెక్షను ప్రకారం పరిశ్రమ వదిలే నీటి నమూనాని రెండు భాగాలు చేసి, సీలు వేసి, తీసినవాళ్ళూ ఫ్యాక్టరీవాళ్ళూ ఇద్దరూ సంతకం చేయాలి. మోసం జరగకుండా అది మంచి కట్టుబాటే. కానీ సీలు బయటినుంచి ఏదీ రాకుండా ఆపుతుంది. సీసాలో ముందే ఉన్నదాన్ని అదేం చేస్తుంది? సంతకం నిజాయితీకి సాక్ష్యం, ఖాళీ సీసా శుభ్రతకి సాక్ష్యం. రెండూ కావాలి.

అలాగని నదులన్నీ శుభ్రంగా ఉన్నాయనీ, కాలుష్యమంతా కట్టుకథ అనీ అనుకోకండి. మూసీ ఒడ్డున ముక్కు మూసుకోవడానికి మైక్రోగ్రాముల యంత్రం అక్కర్లేదు. నా భయం వేరు. బ్లాంక్ లేని అంకె రెండు వైపులా అబద్ధమాడుతుంది. లేని విషాన్ని చూపించి జనాన్ని బెదరగొట్టగలదు. తర్వాత ఎవరో సీసాలు బాగా కడగడం మొదలుపెడితే అంకె పడిపోతుంది, ‘నది బాగుపడింది’ అని ప్రకటనలొస్తాయి. నది మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది. పైగా అసలైన విషం పట్టుబడ్డ రోజున ఫ్యాక్టరీ వకీలు లేచి, ‘మీ సీసా సంగతేమిటి?’ అంటే జవాబుండదు.

కోడ్‌లో తప్పుంటే సరిదిద్ది మళ్ళీ నడపొచ్చు. 1975లో మిసిసిపీలో పారిన నీళ్ళని మళ్ళీ ముంచలేం. గతజల సేతుబంధనం అని మనవాళ్ళు ఊరికే అనలేదు. అందుకే ఈసారి ఏ నది గురించైనా అంకె చదివినప్పుడు, అదెంత అని ఆశ్చర్యపోయే ముందు బ్లాంక్‌లో ఎంత వచ్చిందో అడగండి. ఆ జవాబు లేకపోతే అది నది లెక్కో, సీసా లెక్కో ఎవరూ చెప్పలేరు.